ర్యాంకుల కూడిక

"అమ్మా, మీ పెద్దసారు వచ్చేదాకా ఇక్కడ కూర్చోమన్నారు," అన్నాడు లోపలికొచ్చిన ఓ పెద్దాయన.

తలెత్తకుండానే కుర్చీ చూపించింది టీమ్ లీడర్.

టీమ్‌లో అందరికంటే తక్కువ మార్కులొచ్చిన మనిషి పేరు పన్నెండులోపు కంప్యూటర్లో పంపాలి. ఆ మనిషి ఉద్యోగం అప్పటికప్పుడే పోతుంది. పంపకపోతే ఆవిడ పేరే వెళ్లిపోతుంది.

అట్టడుగున ఉన్నది బాబాయ్. టీమంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది.

"ఈయన పని చేయడా?" తెరలోకి తొంగిచూశాడు పెద్దాయన.

"చేయకపోవడమా! ప్రోగ్రాముల్లో ఎవరికీ కొరుకుడుపడని బగ్‌లన్నీ బాబాయ్ నెత్తినే. ఒక్కోదానికి నెల పడుతుంది."

"మరి మార్కులు?"

"బగ్ ఎంత కష్టమైందో చూసి ఒకటి నుంచి ఐదు దాకా ర్యాంకు. సరిచేస్తే అన్ని మార్కులు. తెర మీద బటన్ రంగు మార్చినా ఒక మార్కు వస్తుంది. ఒక్క పూటలో అలాంటివి ఆరు చేసినవాడు బాబాయ్‌ని మించిపోతాడు."

"ర్యాంకు వరస చెబుతుంది గానీ కూడటానికి పనికిరాదమ్మా. ఫస్టు వచ్చినవాడినీ సెకండ్ వచ్చినవాడినీ కలిపితే థర్డ్ వచ్చినవాడు తయారవుతాడా?"

ఆవిడకి నవ్వు రావాల్సిన చోట ఏడుపొచ్చింది.

"నాకు చెప్పి ఏం లాభమండీ? మార్చే దిక్కెవరు?"

"ఆ పేరు పంపకమ్మా. మీ సారు దారిలోనే ఉన్నారు."

"మీరెవరండీ చెప్పడానికి? నా ఉద్యోగం పోతే మీరిస్తారా? ఇద్దరు పిల్లలు నాకు!"

పెద్దాయన ఏదో చెప్పబోయి తల దించుకున్నాడు.

"దయచేసి బయట కూర్చోండి."

లేచి వెళ్లాడు.

ఇంకా పది నిమిషాలుంది. ఆఖర్లో టీమ్ లీడర్లందరూ ఒకేసారి పంపితే కంప్యూటర్ మొరాయిస్తుంది. ఆ భయంతో కళ్లు మూసుకుని నొక్కేసింది.

ఎదురు బల్ల మీద బాబాయ్ తెర ఆరిపోయింది.

ఆయన సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే అమ్మాయ్."

నాలుగు తిట్టినా బాగుండేది.

ఆయన అటు మెట్లు దిగాడో లేదో, ఇటు లిఫ్టులోంచి పెద్దసారు పరుగున వచ్చాడు.

"పన్నెండు కాలేదుగా? పేరు పంపలేదుగా?"

ఆవిడ ఆరిపోయిన తెర వైపు చూపించింది.

"అయ్యో! ఇక వెనక్కి తేవడం నా చేతుల్లోనూ లేదు. ఈ మార్కులు ఆపించడానికే కదా పెద్దాయన వచ్చింది!"

"ఎవరు సార్ ఆయన?"

"ఈ మార్కులు కనిపెట్టింది ఆయనేనమ్మా. తప్పు చేశాను, రద్దు చేయండని ఇప్పుడు ఆఫీసు ఆఫీసుకీ తిరిగి బతిమాలుతున్నారు."