వెనక చక్రాల కేక

తెలుగు నేతగాళ్ళుండే సాఖర్ పేట మలుపులో నర్సప్ప బ్రేకు తొక్కగానే పోలీసు బండి కీచుమని అరిచింది.

మగ్గాలు ఆగి, ఇళ్ళలో దీపాలు పెడుతున్న వేళ. ఆ అరుపు గల్లీ చివరిదాకా పాకింది. ఎక్కడో ఒక తలుపు దబ్బున పడింది.

పోలీసులు దూకి అంజమ్మ ఇంట్లోకి చొరబడేసరికి కంచంలో అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. తింటున్న కొడుకు జనార్దన్ మాత్రం లేడు.

అది పందొమ్మిది వందల నలభై రెండు, తెల్లవాళ్ళ మీద జనం తిరగబడ్డ ఏడు. టెలిగ్రాఫ్ తీగలు కోశాడని ఆ నేతపని కుర్రాడి కోసం వెతుకుతున్నారు. వెళ్ళిన ప్రతిసారీ బండి అరవడం, వాడు తప్పించుకోవడం.

ఠాణా అధికారి ఘాట్గే ఫౌజ్‌దారు డ్రైవర్ కాలరు పట్టుకున్నాడు.

"నా కంటే ముందు నీ బండి కబురు చెప్తోంది. ఎవరి పక్షంరా నువ్వు?" మరాఠీలో గర్జించాడు.

"సాబ్, మలుపుకు ఇవతలే ఆపి నడిచిపోతే..."

"పోలీసులం, దొంగల్లా నడిచిపోవాలా? బండిలోనే పోవాలి! ఎల్లుండి తెల్లదొర, గోరా సాహెబు, స్వయంగా వస్తున్నాడు. అప్పుడు గనక ఇది అరిచిందో, నిన్ను దింపేది జైలు దగ్గరే."

మగ్గం వదిలి స్టీరింగు పట్టినందుకు పేటలో అందరూ నర్సప్పను సర్కారు కుక్క అంటారు. నల్లా దగ్గర అతని భార్య చంద్రభాగతో ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు సర్కారు కూడా నమ్మడం మానేసింది.

మర్నాడు బండిని పెంటప్ప మిస్త్రీ షెడ్డుకు తీసుకుపోయాడు.

మిస్త్రీ వెనక సీట్లో కూర్చుని స్టేషన్ రోడ్డు మీద తిప్పించాడు. బ్రేకు తొక్కించాడు. చప్పుడు లేదు. నూలు బేళ్ళు ఎక్కించి మళ్ళీ తిప్పించాడు. అప్పుడూ లేదు.

"బరువుకు గాదు," అన్నాడు. వెనక చక్రాలు విప్పి, లోపలి బ్రేకు పట్టీల మీద వేలు పెట్టి రాశాడు. నల్లగా, అద్దంలా మెరుస్తున్నాయి. వాసన చూశాడు. మాడు వాసన.

"నర్సన్నా, చేతి బ్రేకు మీదికి గుంజి నడుపుతున్నవా ఏంది?"

"చంద్రభాగ మీద ఒట్టు! బండి కదిలేటప్పుడు కిందికి దించుత."

"మరి పట్టీలెందుకు గిట్ల కాలినయి? చక్రాలను పట్టుకోని ఉంటేనే కాగుతయి. కాగితేనే అరుస్తయి. సల్లబడ్డంక నోరు మూస్తయి."

"దానంతట అదే లేస్తదేమో?"

మిస్త్రీ రెండు సీట్ల మధ్యనున్న చేతి బ్రేకు కడ్డీని లాగి చూశాడు, దించి చూశాడు. దాని పళ్ళు గట్టిగానే ఉన్నాయి.

"ఇది దానంతట అది లేచేది గాదు. పట్టీలు గీకి ఇస్త. నడిపేటప్పుడు ఒక్కసారి కిందికి చూడు."

నర్సప్ప ఇంటికి రాగానే చంద్రభాగ అడిగింది.

"బాగైందా?"

"అయినట్టే."

"బాగైతే అంజమ్మ కొడుకు దొరుకుతడు. కాకుంటే నువ్వు దొరుకుతవు. నేను దేవునికి ఏమని మొక్కాలె?"



గోరా సాహెబు వచ్చే సాయంత్రం రానే వచ్చింది. వెనక సీట్లో గోరా సాహెబు, ఇద్దరు జవాన్లు. ముందు, నర్సప్ప పక్కన, ఒడిలో టోపీ పెట్టుకుని ఫౌజ్‌దారు. నర్సప్ప చేతి బ్రేకు కడ్డీని అడుగుదాకా దించాడు. నమ్మకం చాలక మళ్ళీ నొక్కాడు.

స్టేషన్ రోడ్డు దాటారు. బండి పిల్లిలా నడిచింది.

"గుర్తుందిగా," ఫౌజ్‌దారు పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "జైలు."

మిల్లు గోడ పక్కకు వచ్చేసరికి బండి బరువెక్కినట్టయింది. నర్సప్ప ఒక్కసారి కిందికి చూశాడు. వెంటనే తల ఎత్తి రోడ్డు వైపు చూశాడు.

ముందు మలుపు. మలుపులో రోడ్డుకడ్డంగా మోరీ కాలువ. బ్రేకు తొక్కక తప్పదు.

తొక్కాడు.

సాఖర్ పేట అంతా వినపడేలా అరిచింది బండి.

జవాన్లు పరిగెత్తారు. అంజమ్మ ఇంటి పెరటి తలుపు ఇంకా ఊగుతోంది. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది, గోడకు ఆనుకుని.

గోరా సాహెబు ముఖం కందగడ్డయింది. వేలు నేరుగా నర్సప్ప వైపు చూపించాడు. జవాను బేడీలు తీశాడు.

అంతలో ఫౌజ్‌దారు ముందుకు వచ్చి నర్సప్ప చెంప ఛెళ్ళుమనిపించాడు. నర్సప్ప తూలి బండి మీద పడ్డాడు.

"ఈ గాడిదకు అంత తెలివి ఎక్కడిది, సాహెబ్! మిస్త్రీతో చక్రాలు విప్పించి చూపించాను. తప్పు బండిది. ముసలిదైపోయింది. తుక్కు కింద పడేయాల్సిందే."

గోరా సాహెబు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బూటుతో చక్రాన్ని ఒక్క తన్ను తన్ని, విసవిసా వెళ్ళిపోయాడు. జవాను బేడీలు దాచేశాడు.

నర్సప్ప ఇంటికి చేరేసరికి చంద్రభాగ గడపలోనే నిలబడి ఉంది. అతని చెంప మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి.

"ఎవడు కొట్టిండు?"

"ఫౌజ్‌దార్."

"వాని చెయ్యి ఇరుగ! ఆ చేతికి పురుగులు పడ!"

నర్సప్ప గభాలున ఆమె నోరు మూశాడు. వాకిట్లోకి తొంగి చూసి తలుపు వేశాడు.

"అట్లనకే," గొంతు తగ్గించి అన్నాడు. "మిల్లు గోడ కాడ, టోపీ చాటుకెల్లి చేతి బ్రేకు మీదికి గుంజింది ఆ చెయ్యే."