గుండీ

స్వెట్టర్ గుండీ ఊడి, దొర్లుకుంటూ వెళ్లి కుట్టుమిషన్ కింద ఆగింది.

టైలరమ్మ తొక్కడం ఆపి దాన్ని ఏరింది.

"స్వెట్టర్ ఇలా ఇవ్వవే గుండీ, రెండు నిమిషాల్లో కుట్టేస్తాను."

"తర్వాత పిన్నీ, పని మీదున్నాను."

పొద్దస్తమానం కీబోర్డు మీద గుండీల్లాంటివి నొక్కుతుంటుంది కాబట్టే టైలరమ్మ తనని 'గుండీ' అంటుందని ప్రోగ్రామరు అమ్మాయి నవ్వుకునేది.

ఆ అనాథ పిల్లల హోమ్‌లోని ఆఫీసు గదిలో రెండు నెలలుగా ఒక మూల టైలరమ్మ దుప్పట్లు కుడుతోంది. ఇంకో మూల అమ్మాయి రికార్డుల ప్రోగ్రాంని పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌లోకి మారుస్తోంది. పాతదానికి తెలుగు చూపించడం చేతకాదు. ఎవరి వివరాలు తెరిచినా వరసగా ప్రశ్నార్థకాలే. కాగితం రిజిస్టరు ఏనాడో చెదలపాలైంది.

అమ్మాయి ఈ పని కోరి నెత్తికెత్తుకుంది. ఆ ప్రశ్నార్థకాల్లో ఒక వరస తనది. ఇక్కడే పెరిగింది, ఇక్కడివాళ్లు పెట్టిన పేరుతో.

"నాదీ మిషనే, నీదీ మిషనే," అంది టైలరమ్మ. "నాది చిరిగినవి అతుకుతుంది. నీదేం చేస్తుందే?"

"పోయిన అక్షరాలు వెతుకుతుంది పిన్నీ. లోపల భద్రంగానే ఉన్నాయి. రేపటికల్లా బయటపడతాయి."

"మీ అమ్మ సంగతి కూడానా?"

"ఆ."

"దొరికితే?"

"ఎదురుగా నిలబెట్టి కడిగేస్తాను. ఏడాది పిల్లని ఏ మొహం పెట్టుకుని వదిలేశావని."

టైలరమ్మ దారం కొస తడిపింది. మూడుసార్లు తడిపినా సూదిలోకి ఎక్కలేదు.

కోపంగా అందిగానీ, అమ్మాయికి కావలసింది జవాబు కాదు. అమ్మ తనని ఏమని పిలిచేదో తెలిస్తే చాలు. ఆ పిలుపు కోసం చిన్నప్పటి నుంచీ ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. అది మాత్రం పైకి చెప్పలేదు.

మర్నాడు ఆ మూల ఖాళీగా ఉంది.

"టైలరమ్మ ఏదండీ?"

"పని మానేసిందమ్మా," అంది వార్డెనమ్మ. "ఎక్కడికంటే చెప్పదు. సగం దుప్పట్లు అలాగే ఉండిపోయాయి. నువ్వొచ్చిన వారానికి చేరింది, నీ పని అయ్యేసరికి పోయింది. వింత మనిషి!"

కుర్చీకి తగిలించిన స్వెట్టర్‌కి ఊడిన గుండీ కుట్టి ఉంది. ఊడనివి కూడా మళ్లీ గట్టిగా కుట్టి ఉన్నాయి.

'చెప్పాపెట్టకుండా పోతారా పిన్నీ' అని మనసులోనే విసుక్కుని, అమ్మాయి కొత్త ప్రోగ్రాం తెరిచింది.

ప్రశ్నార్థకాలన్నీ అక్షరాలయ్యాయి. తన వరస వెతుక్కుని తెరిచింది.

'అప్పగించినది: కన్నతల్లి. పేరు చెప్పలేదు. పని: బట్టలు కుట్టడం.'

కింద ఇంకొక్క వరస ఉంది.

'బిడ్డను పిలిచే పేరు: గుండీ.'