పందుల పాట

"ఈ పందులంటే పోలీసోళ్లే కదా?" ఎస్సై బల్ల మీది కాగితాన్ని వేలితో పొడుస్తూ అడిగాడు.

"కాదు సార్. పందులంటే పందులే," అన్నాడు ఆనందం, గోడవారగా చేతులు కట్టుకుని.

నిన్న కోరుట్లలో జరిగిన తెలంగాణ ధూంధాంలో అతను పాడిన పాటే ఆ కాగితం మీద ఉంది. జనం మూడుసార్లు మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. నాలుగోసారి గొంతు సవరించుకుంటుండగా జీపెక్కించారు. ఊరు అడిగితే రుద్రంగి అన్నాడు. అంతకుమించి అతని గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఎస్సై ఎదురుగా కుర్చీలో ఉన్నామె సుమిత్ర, జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. పాఠం మధ్యలో ఉండగా కబురంపి పిలిపించారు.

"మేడమ్, మీరు పద్యాలకు అర్థాలు చెప్పెటోళ్లు. దీనికి అర్థమేందో రాసి సంతకం పెట్టుండ్రి. మమ్మల్నే తిట్టిండని రాస్తే ఈయన సాయంత్రానికి కరీంనగర్ జైల్ల ఉంటడు. కాదని రాసి, రేపు అవునని తేలితే మీ ఉద్యోగం సంగతి మీరే చూసుకోవాలె."

బాగుంది వరస. పాట కట్టినోడికి జైలు, అర్థం చెప్పినామెకు ఇంటిదారి. సుమిత్రకు ఒళ్లు మండింది. అయినా నోరు అదుపులో పెట్టుకుని కాగితం అందుకుంది.

మందలై వచ్చినయి పందులు, మాపు కాకముందే వచ్చినయి
తిన్నది పిడికెడు, తొక్కింది పుట్టెడు
చీరల కంచెకు ఆగవు, చిన్నా పెద్దా చూడవు
డప్పులు తియ్యుండ్రి, వచ్చిన తొవ్వనే వెళ్లగొట్టుండ్రి

రెండుసార్లు చదివి తలెత్తింది. "ఆనందం, నాకు నిజం చెప్పు. ఇది ఏ చేను?"

"మక్క చేను మేడమ్, రుద్రంగి కాడ," అన్నాడతను. "కంకి పాలు పట్టంగనే వచ్చి పడ్డయి. రాత్రంత కావలున్నా దక్కలే."

ఆ మాటతో సుమిత్ర మనసు కుదుటపడింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అడగండి సార్, మీకు ఎక్కడ అనుమానమో."

"ఈ పిడికెడు, పుట్టెడు ఏంది? మేము లాఠీచార్జి చేసుడు గురించే కదా?"

"పంది ఒక్క కంకి కోసం మొక్కంతా విరుస్తుంది. తినేది తక్కువ, పాడు చేసేది ఎక్కువ. చేను మొహం చూసిన వాళ్లెవరైనా చెబుతారు."

"చీరల కంచె ఏంది మరి? ఎక్కడన్న చీరలతోని కంచె కడ్తరా?"

సుమిత్ర నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ మల్లయ్య అందుకున్నాడు. "కడ్తరు సార్. మా పెగడపల్లిల పాత చీరలన్ని చేను సుట్టు కడ్తం. గాలికి ఊగుతుంటె మనుషులున్నరని పందులు బెదురుతయి. మొండివి బెదరవు అనుకోండ్రి."

ఎస్సై కళ్లెర్రజేశాడు. మల్లయ్య పైకప్పు కేసి చూశాడు.

"విన్నారుగా," అంది సుమిత్ర. "ఇది మనిషికీ ప్రకృతికీ నడుమ పోరు. పందికీ ఆకలే, రైతుకూ ఆకలే. ఉన్నది ఒక్క చేను. చంపుండ్రి అనలేదు చూడండి, వెళ్లగొట్టుండ్రి అన్నాడు. అడవిలో వాటికీ చోటుందని ఒప్పుకుంటూనే, చేను మాత్రం నాది, వదిలేది లేదంటున్నాడు. కవిత బలమంతా అక్కడే ఉంది."

"అంతేనా?"

"అంతే. చేను పోగొట్టుకున్న మనిషి పందుల మీద పాట కట్టుకుంటే అందులో మీకు మీరే కనబడితే, అది పాట తప్పు కాదు సార్. కేసు రాస్తే రాయండి. రెండో ముద్దాయిగా నా పేరు రాసుకోండి."

ఎస్సై ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏదీ, పాడు," అన్నాడు ఆనందంతో. "వింటే నాకే తెలుస్తది."

ఆనందం మొదట గొంతులోనే పాడాడు. తర్వాత ఎత్తుకున్నాడు. పోయిన ఏడు పందుల వల్ల సొంత మొక్కజొన్న చేను పోగొట్టుకున్న మల్లయ్య తలుపు మీద వేళ్లతో పాటకు తాళం వేయడం మొదలుపెట్టాడు. లోపలి గదిలోంచి మరో ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి "వచ్చిన తొవ్వనే వెళ్లగొట్టుండ్రి" అని కోరస్ అందుకున్నారు. మూడో చుట్టుకు ఎస్సై కూడా పెన్నుతో బల్ల మీద దరువేశాడు.

"పందుల పాటే," అని తేల్చేసి కాగితం సుమిత్ర ముందుకు తోశాడు. ఈ కవిత మనిషికీ ప్రకృతికీ మధ్య సంఘర్షణను చిత్రిస్తుందని ఆమె గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి, తారీఖు కూడా వేసింది.

ఇద్దరూ బయటపడి బస్టాండు వైపు నడిచారు. సుమిత్రకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. ఎస్సై అంతటివాడిని ఒప్పించింది మరి.

"చేను ఎన్ని ఎకరాలు ఆనందం? పంట నష్టానికి తహసీల్దారుకు దరఖాస్తు పెడదాం. నేనే రాసిస్తా."

ఆనందం ఆగి, వెనక ఎవరూ లేరని చూసుకుని రెండు చేతులూ జోడించాడు.

"మాఫ్ చెయ్యుండ్రి మేడమ్, మీకు గూడ అబద్ధమే చెప్పిన. నాకు గుంటెడు భూమి లేదు. సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసెటోన్ని, అడివి పందిని కండ్లతోని సూసింది గూడ లేదు. మొన్న తెలంగాణ కోసం రోడ్డు మీద మేము వంటావార్పు పెట్టుకుంటె, ఆడోళ్లు అడ్డం నిలబడ్డా ఆగకుంట ఉడికిన అన్నం బూట్లతోటి తొక్కిండ్రు పోలీసోళ్లు. గందుకే కట్టిన గా పాటను ఇయ్యాల వాళ్ల నోటితోనే పాడిపిచ్చిన."