నోలీన్ మాట్లాడటం లేదు

"నోలీన్ నోరెత్తి ఆరు రోజులైంది అమ్మాయ్" అంటూ మర్విన్ తడి గోనెసంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంచీలో ఆల్చిప్పలు, అప్పుడే సముద్రంలోంచి తీసినవి.

గ్లెనిస్ చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. ఎగిరి గంతేయాల్సిన మాట అది. మరి సంతోషం ఎందుకు రాలేదో ఆమెకే తెలియలేదు.

గ్లెనిస్ లైఫ్ కోచ్. తమ మీద తమకే నమ్మకం లేనివాళ్ళను కూర్చోబెట్టి, మాట్లాడించి, ధైర్యం నూరిపోయడం ఆమె పని. టాస్మేనియాలో ఆ చిన్న రేవు ఊళ్ళో లైబ్రరీ వెనక గదే ఆమె ఆఫీసు. వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే జారుకోగా మిగిలింది మర్విన్ ఒక్కడే. అవతలి ఒడ్డున ఎక్కడో ఆల్చిప్పలు పెంచుకుంటూ ఉంటాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, వారానికోసారి పడవ వేసుకుని వస్తాడు. ఇతను కూడా బాగుపడకపోతే సోమవారం నుంచి మళ్ళీ చేపలు వేయించే కొట్టులో నిలబడటమేనని గ్లెనిస్ తనకు తానే గడువు పెట్టుకుంది.

ఆమె పద్ధతి ఒకటే. మనిషి లోపల కూర్చుని నీకు చేతకాదు, నీ వల్ల కాదు అని సణిగే గొంతు ఒకటి ఉంటుంది కదా, దానికో పేరు పెట్టమంటుంది. పేరు పెట్టాక, ఎదురుగా మనిషి ఉన్నట్టే దాన్ని నిలదీయాలి, ఆపైన సాగనంపాలి. ఆమె లోపలి గొంతు పేరు ఐవీ. చిన్నప్పుడు క్లాసులో నిలబెట్టి నవ్వులపాలు చేసిన టీచరమ్మ పేరది. పేరు వెతుక్కోవడానికి ఎవరికైనా ఒక పూట పట్టేది. మర్విన్ మాత్రం ఆమె అడగడమే ఆలస్యం, "నోలీన్" అన్నాడు. ఎంత చురుకైన మనిషి అని గ్లెనిస్ మురిసిపోయింది కూడాను.

నోలీన్ ఏమేం అంటుందో చెప్పుకుని అతను వారం వారం కుమిలిపోయేవాడు. తెల్లారి లేస్తూనే మొదలవుతుందట. నీ మొహానికి పడవొకటా అంటుందట. ఆల్చిప్పలు పెంచే చేయి నాన్నతోనే పోయిందంటుందట. అరవై ఏళ్ళొచ్చినా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం రాదంటుందట. వింటుంటే గ్లెనిస్‌కే ఒళ్ళు మండిపోయేది. అందుకే కిందటి వారం ఇక సాగనంపేయమని చెప్పింది. మిగతావాళ్ళకైతే ఆ గొంతును రైలెక్కించి పంపమనేది. సముద్రం మీద బతికే మనిషి కదా అని ఇతనికి పడవ చెప్పింది. ఎక్కించుకుని, లైట్‌హౌస్ దాటించి, లోతు నీళ్ళలో వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయమంది.

"నేను చెప్పినట్టే చేశారా?"

"పొల్లుపోకుండా. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు."

అప్పుడు లేచింది ఐవీ. ఏదో తప్పు చేశావు గ్లెనిస్, నీకు ఏ పనీ తిన్నగా రాదు, అతని చేతులు చూడు, అంది. గ్లెనిస్ చూసింది. మణికట్టు మీదుగా మోచేతి దాకా ఎర్రటి గీతలు. ఈ తీరంలో ఆల్చిప్పలు గీరుకోని చేతులు ఎవరికున్నాయిలే అని ఐవీ నోరు నొక్కేసింది.

మర్విన్ తీరిగ్గా అల్లం బిస్కెట్టు టీలో ముంచుకుంటూ కబుర్లు చెబుతున్నాడు. ఇల్లంతా కడిగేశాడట. కుక్క రేవు మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపట, భరించలేక ఎవరికో ఇచ్చేశాడట. పడవ కూడా రేపో మాపో ఇచ్చేస్తాడట. ఇక దేని మీదా బెంగ లేదట.

కుమిలిపోయే మనిషి ఉన్నట్టుండి నిమ్మళించి, ఉన్నవన్నీ పంచిపెడుతుంటే మొహమాటపడకుండా అడిగెయ్యాలని గ్లెనిస్ ఈ పని నేర్చుకున్నచోట చెప్పారు. కప్పు కింద పెట్టింది.

"మర్విన్, సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకునే ఆలోచనలో ఉన్నారా?"

అతను తెల్లబోయి చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు.

"నన్ను నేనా? భలేదానివే. అరవై ఏళ్ళకు నాకిప్పుడే కదా తెల్లారింది."

గ్లెనిస్‌కు పోయిన ఊపిరి తిరిగొచ్చింది. అడగాల్సింది అది కాదు అని ఐవీ ఇంకా గొణుగుతూనే ఉంది. ఇన్నాళ్ళూ ఊరందరికీ చెప్పిన మందు గ్లెనిస్ ఇవాళ తనకే వేసుకుంది. ఐవీ, నీ పని అయిపోయింది, బయటికి నడు, అని మనసులోనే గట్టిగా అంది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఐవీ నిజంగానే నోరు మూసుకుంది. ఎంత హాయిగా ఉందో. సోమవారం రానని చేపల కొట్టుకు ఫోన్ చేసి చెప్పేయాలనుకుంది.

వచ్చినవాళ్ళ చేత నాలుగు మాటలు రాయించుకునే పుస్తకం ఒకటుంది ఆమెకు. అడిగిందే తడవుగా మర్విన్ అందులో రాశాడు. ఈమె ఎలా చెబితే అలా చేశాను, నా బతుకు తేలికైంది అని. కింద సంతకం పెట్టాడు, తేదీ వేశాడు.

లేచి తలుపు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాడు. చొక్కా జేబులోంచి ఒక ఆడవాళ్ళ కళ్ళజోడు తీసి, తెరిచి ఉన్న ఆ పుస్తకం మీద జాగ్రత్తగా పెట్టాడు. ఒక వైపు కాడ విరిగితే గాలపు తాడుతో కట్టి ఉంది.

"దీన్నేం చేయమంటావు అమ్మాయ్? నీళ్ళు చిందుతాయని పడవ ఎక్కగానే తీసి నా చేతికిచ్చింది మా అక్క."