పద్నాలుగు రోజుల గడువు

"పద్నాలుగు రోజుల్లోపు తిరిగి ఇచ్చెయ్యొచ్చన్నారుగా. ఇవాళ్టికి పదకొండు," అన్నాడు ఐవిన్, తడిసిన సాక్సు విప్పుతూ.

నార్వేలోని బెర్గెన్ ఊళ్లో, వానలో పొద్దుటినుంచీ బస్సు నడిపి ఇంటికొచ్చాడు. కోటు తగిలించడానికి చెయ్యెత్తాడో లేదో, జంతు శరణాలయం నుంచి తెచ్చుకున్న కుక్క ట్రుల్స్ భయంతో నేలంతా తడిపేసి బల్ల కిందికి దూరింది. రోజూ ఇదే వరస. అతని భార్య టోరున్ మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తోంది.

"ఫోన్ చెయ్యి మరి. నా నడుం పడిపోయింది," అంది.

రొట్టెకు వెన్న రాసుకుంటున్న యుల్వా తలెత్తింది. కన్నతల్లి సాకలేకపోతే, శిశు సంక్షేమం వాళ్లు మూడేళ్ల కిందట వీళ్లకు అప్పగించిన పిల్ల. పన్నెండేళ్లుంటాయి.

"నాకెన్ని రోజులు గడువిచ్చారు?" అని అడిగింది. కోపంగా కాదు, టైమెంతయిందని అడిగినట్టు.

"పిచ్చి ప్రశ్నలూ నువ్వూను. నీకు గడువేంటే?" అంది టోరున్.

"ఏమో. ఎందుకైనా మంచిదని నేను సంచి సర్దిపెట్టుకున్నా."

"ఎప్పుడు? నేను చూళ్లేదే."

"వచ్చిన రోజే. మంచం కింద ఉంది. బట్టలు పొట్టివైనప్పుడల్లా మారుస్తుంటా."

టోరున్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

అప్పటికే ఐవిన్ ఫోన్ కలిపాడు. అవతల శరణాలయం ఆవిడ పలికింది.

"ట్రుల్స్ గురించండి," అని గొంతు సవరించుకున్నాడు. "గడువుతో పనిలేదు. వాడిక్కడే ఉంటాడు."

ఆ మాట అంటున్నంతసేపూ అతను యుల్వానే చూస్తున్నాడు.