గోల్‌కీపరే కెప్టెన్

"తొందరగ జెప్పు. ఆట షురూ అయితే టీమ్ లాకయితది," అంది సుమలత ఫోన్లో.

భూమేష్ రెండంతస్తుల మంచంలో కింద వెల్లకిలా పడుకుని పైమంచం అడుగుచెక్క వంక చూస్తున్నాడు. శుక్రవారం, సెలవు. వారానికి దొరికే ఈ ఒక్క మధ్యాహ్నం కూడా ఒళ్ళు వాల్చనివ్వదు ఈ మనిషి. ఆర్మూర్ దగ్గర పల్లెలో కూర్చుని, దోహా లేబర్ క్యాంపులో ఉన్న మొగుణ్ణి హాకీ టీమ్ కోసం వేపుకు తింటోంది. మిస్డ్ కాల్ ఇస్తుంది. తను తిరిగి చేసేదాకా ఇస్తూనే ఉంటుంది.

అది టచ్ ఫోన్లో ఆడే యాప్. అందులో నిజమైన హాకీ ఆటగాళ్ళలోంచి పదకొండు మందిని ఏరుకోవాలి. మైదానంలో వాళ్ళు ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు, కెప్టెన్‌గా పెట్టినవాడికి రెట్టింపు. పైసా కట్టక్కర్లేదు, అందరికంటే ముందొస్తే స్కూటీ ఇస్తారు. ఖతర్‌లో యాప్ తెరుచుకోదు కాబట్టి పోయినేడు భూమేష్, పైమంచం తిరుమల కలిసి టీమ్ ఏరి చెబితే సుమలత ఊళ్ళో తన ఫోన్లో ఎక్కించేది. అప్పుడామెకు ఇంత యావ లేదు. ఇద్దరికీ పనీపాటా లేదని నవ్వేది.

ఇప్పుడు తిరుమల లేడు. సెప్టెంబరులో ఒక పొద్దున డ్యూటీ బస్సు హారన్ కొడుతుంటే భూమేష్ పైకి చెయ్యి చాపి అతని కాలు పట్టి ఊపాడు. కాలు చల్లగా ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. ఆ తర్వాత భూమేష్‌కు తిండి సయించలేదు. స్టేడియం పనికి ఒకరోజు పోతే రెండ్రోజులు ఎగ్గొట్టాడు, ఇంటికి ఫోన్ చేయడమే మానేశాడు. రాత్రి పడుకుంటే పొద్దున లేవకపోయినా బాగుండుననిపించేది.

అలాంటి మనిషికి పెళ్ళాం నుంచి వచ్చిన ఓదార్పు ఏమిటయ్యా అంటే, జనవరిలో లీగ్ మొదలైంది, టీమ్ చెప్పమని. తిరుమలతో అన్నేళ్ళు కలిసి ఉన్న గది, అన్నేళ్ళు కలిసి తిన్న కంచం. అతని పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు మహాతల్లి. మనిషి పోతే పోయాడు, స్కూటీ పోకూడదు కాబోలనుకుని భూమేష్ మనసు విరిగింది.

తనకేమీ తెలియదంటే వదిలిందా? ఆట చూడకుండా టీమ్ ఎట్లా చెబుతావని క్యాంపు బయటి మలయాళీ హోటల్లో టీవీ ముందుకు తోలింది. ఉత్త టీ తాగి కూర్చుంటే హోటలాయన ఊరుకోడు కాబట్టి పరోటా చెప్పక తప్పలేదు. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు ఆడటం లేదు, అన్నీ కనుక్కోమంది. అవి తెలిసినవాడు క్రేన్ నడిపే పంజాబీ ఒక్కడే. అతను దొరికేది సైట్లోనే. దాంతో రోజూ డ్యూటీ బస్సు ఎక్కాల్సి వచ్చింది.

ఇంత చేసినా ఒక్కసారి గెలిచింది లేదు. ప్రతిసారీ కొద్దిలో పోయిందనేది. ఆ పాయింట్ల ఫోటో పంపమంటే ఊళ్ళో నెట్ టీమ్ ఎక్కించడానికే చాలడం లేదు, ఫోటోలు పోవు అనేది. అతనికీ అడిగే ఓపిక లేక ఊరుకున్నాడు.

"ఇయ్యాల సెమీఫైనల్. నిద్రవోతున్నవా?" అంది సుమలత.

భూమేష్ నిట్టూర్చి ఒక్కొక్కరినే చెప్పుకుంటూ పోయాడు. ముందు వరసలో పదో నంబరు సర్దార్, మధ్యలో పొడుగు హాలండాయన. ఆమె ప్రతి పేరుకూ ఆగి, వీడి మోకాలు బాగైందా, వాడు మొన్న ఎందుకు కూర్చున్నాడు అని ఆరా తీసింది. చివరకు పదకొండు మందీ అయ్యారు.

"మరి కెప్టెన్?"

భూమేష్ మళ్ళీ పైకి చూశాడు. పైమంచం ఖాళీగా ఉంది. తిరుమల పోయాక అందులోకి తమ ఊరి రాజన్న మారాడు. అతను సెలవు మీద ఊరికి పోయి ఈరోజే తిరిగొస్తున్నాడు.

"తిరుమల ఉంటే గోల్‌కీపర్నే కెప్టెన్ జేసెటోడు," అన్నాడు భూమేష్.

అతను చెయ్యి చాపి పైమంచం చెక్కను తడిమాడు.

"గోల్‌కీపర్‌కు పాయింట్లు రావురా అంటే ఇనకపోయెటోడు. అందరు ముందటికి ఉరుకుతరు, ఎనుక నిలవడెటోన్ని ఎవలు జూడాలె అనెటోడు."

అంతవరకు చెప్పి ఇక చెప్పలేకపోయాడు. ఇన్ని నెలలూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. సుమలత ఊరుకోమనలేదు, తొందర పెట్టలేదు. అతను ముక్కు చీది తేరుకునేదాకా ఫోన్ పట్టుకునే ఉంది.

"గోల్‌కీపర్నే పెడుతున్న," అంది చివరికి.

"స్కూటీ రాదు మల్ల."

"రాకపోతే రాకపాయె. తిన్నవా?"

"ఇంకా లేదు. తింట."

"ఇగో, పెట్టిన. లాకయింది," అని ఫోన్ పెట్టేసింది.

భూమేష్ లేచి మొహం కడుక్కున్నాడు. హోటల్‌కు పోయి ఆట చూడాలనుకున్నాడు. గోల్‌కీపర్ ఏం చేస్తాడో చూడాలని నిజంగానే అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆకలి కూడా వేస్తోంది. చొక్కా తొడుక్కుంటుంటే రాజన్న బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చాడు. ప్రయాణంలో నలిగిన మొహంతోనే, భూమేష్ వాళ్ళింట్లో ఇచ్చిన మూట తీసి అతని చేతిలో పెట్టాడు.

మూటలో తొక్కు సీసా, తీపి గరిజెలు ఉన్నాయి. వాటి అడుగున పాత జాకెట్ గుడ్డలో చుట్టి ఏదో గట్టిగా తగిలింది. విప్పితే, రెండేళ్ళ కింద దోహాలోనే నజ్మా బజారులో కొని సుమలతకు పంపిన టచ్ ఫోన్.

"ఇది ఈడికెట్ల వచ్చింది? నేను ఇప్పుడేగద ఆమెతోని మాట్లాడింది," అన్నాడు భూమేష్.

"సుమలతకు తెల్వదు. మీ అవ్వ సాయవ్వ ఇచ్చింది, ఈడ బాగుచేపిచ్చి పంపుమన్నది," అన్నాడు రాజన్న బూట్లు విప్పుకుంటూ. "సుమలత చేతిల ఉన్నది ఉత్త బటన్ల ఫోన్."

"దీనికేమైంది?"

"బతుకమ్మ నాడు నీళ్ళల్ల పడి అప్పటిసంది ఎలుగుతలేదట."