దించిన షట్టరు

ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. ఉందని తేలితే మీసం తీయించుకుంటాను.

ఆ వీధిలో కార్లు బాగుచేసే మెకానిక్‌ను అందరూ టపాకాయ అనేవారు. ఒత్తి అంటించకముందే పేలేవాడు మరి. "కారుకు తర్వాత, ముందు నీ నోటికి బిగించుకో సైలెన్సరు" అని పెళ్ళాం రోజూ దెప్పేది.

ఆ వారం అతని షెడ్డుకు తాతలనాటి కారొకటి వచ్చింది. సైలెన్సరు తుప్పుపట్టి జల్లెడైపోయింది. పాత పొగగొట్టమంతా పీకేసి, అంతకన్నా లావుపాటి స్టీలు గొట్టం వేస్తున్నాడు. అతుకు వేసినప్పుడల్లా ఇంజన్ నడిపి, పొగ ఎక్కడ కారుతోందో చూసుకోవాలి. నడిపితే వీధి వీధంతా దద్దరిల్లేది.

ఇరుగుపొరుగులు షెడ్డు ఓనరుకు మొరపెట్టుకున్నారు. ఇంకొక్కసారి చప్పుడు బయటికొస్తే షెడ్డు ఖాళీ చెయ్యాల్సిందేనని ఓనరు తెగేసి చెప్పాడు.

టపాకాయ పళ్ళు నూరుకుంటూ షట్టరు దించి, లోపల ఇంజన్ ఆన్ చేశాడు.

కాసేపటికి షట్టరు గరగరమంటూ పైకి లేచింది.

ఎదురుగా ఎవరో ముసలావిడ. ఎన్నడూ చూడని మొహం.

"షట్టరు తీసి ఉంచు నాయనా."

"వీధంతా మూయమంటుంటే నువ్వొకతివి తీయమంటావేంటమ్మా?"

"తీసి ఉంచు."

ఎదురుగా మూతపడ్డ కొట్టు మెట్ల మీదికెళ్ళి కూర్చుంది.

అతను దించాడు. ఆమె లేపింది. మర్నాడూ అదే తంతు. లోపల గడియ పెడితే రెండు చేతులా దబదబా బాదింది. ఆ బాదుడుకు వీధివాళ్ళు బయటికొచ్చి టపాకాయనే తిట్టారు. తిట్టినందుకు కాదు, ఆవిడ గొడవకు తనను తిట్టినందుకు అతనికి ఒళ్ళు మండింది.

"నా నోటికాడి కూడు తీయడానికి ఎవరు పంపారు నిన్ను? ఇంకోసారి కనబడితే ఈడ్చి పారేస్తా."

"ఈడ్చుదువుగాని. ముందు షట్టరు తియ్యి."

చివరి అతుకు రోజున గడియ పెట్టుకుని, ఇంజన్ నడుస్తుండగా కారు కిందికి దూరాడు. తల దిమ్మెక్కింది. ముసలిదాని మీద కోపమే నెత్తికెక్కిందనుకున్నాడు. కోపం అతనికి కొత్తా? షట్టరు దబదబలాడింది. అతను లేవలేదు. తర్వాత లేవాలనీ అనిపించలేదు.

కిటికీ అద్దం భళ్ళున పగిలి, రాయి వచ్చి కాలి పక్కన పడింది.

ఆ కోపమే అతణ్ణి లేపింది. పీక పిసికేద్దామని షట్టరెత్తి బయటికొచ్చాడు. గడప దగ్గరే కూలబడి, భళ్ళున వాంతి చేసుకున్నాడు.

ఆమె ఎగాదిగా చూసింది. "లేచావు. చాలు" అంది. వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం టపాకాయ ఓనరు ఇంటి మీదికి వెళ్ళాడు. షెడ్డు ఖాళీ చేయించడానికి ఆ పిచ్చిదాన్ని ఎగదోసింది మీరేనని అరిచాడు. ఓనరు అరవలేదు. ఆమె ఎక్కడ కూర్చునేదని మాత్రం అడిగాడు. కొట్టు మెట్ల మీదనగానే కుర్చీలో కూలబడ్డాడు.

"చెబితే షెడ్డు ఎవరూ తీసుకోరని దాచాను. నీకన్నా ముందు అందులో మెకానిక్కు ఆవిడ మొగుడే. చప్పుడు చేస్తే ఖాళీ చెయ్యమన్నాను. షట్టరు దించుకుని ఇంజన్ నడిపాడు, పొగంతా లోపలే నిలిచిపోయింది. ఆవిడ అన్నం తెచ్చేసరికి పెట్రోలు అయిపోయి ఇంజన్ ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే కారు కింద పడుకుని ఉన్నాడు. అలిసిపోయి నిద్రపోయాడనుకుని, లేపడమెందుకని ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని సాయంత్రందాకా ఆ మెట్ల మీదే కూర్చుందిరా."

టపాకాయ ఓనరు కాలరు పట్టుకున్నాడు. "నాకూ అదే చెప్పావు కదరా" అన్నాడు. ఎప్పుడూ అరిచేవాడు, ఆ మాట మెల్లగా అన్నాడు.

పరుగున వచ్చి చూస్తే మెట్లు ఖాళీ. ఆమె మళ్ళీ రాలేదు. వీధి ఎంత తిట్టినా అతను షట్టరు దించలేదు.

మీసం సంగతంటారా? నాకు మీసమెప్పుడూ లేదు గనక ధైర్యంగా ఒప్పుకుంటున్నాను. ఆ రాయి నేను కల్పించింది.

అద్దం పగలగొట్టుకుని అతని కాలి పక్కన పడింది, సొట్టలు పడిన పాత క్యారేజీ.